స్కోపులో ఎలివేషన్ అయిపోయింది: 25 మీటర్లకే గుబ్బ ఆగిపోతే 50 మీటర్లకు ఏం చేయాలి?

ఉదయగిరి దుర్గం | శనివారం రాత్రి 9.15

అందరికీ నమస్కారం. మాది ఉదయగిరి దగ్గర పల్లె. నా దగ్గర ఉన్నది బారెల్‌ను మడిచి స్ప్రింగును బిగించే రకం 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్. శక్తి 20 జౌళ్ల లోపే కాబట్టి లైసెన్సుతో పని లేదు. మా చేలో ఎర్రమట్టి కట్ట ఒకటి నిలువెత్తు ఉంది. దాని ముందు పలక పెట్టి, ఇక్కడ చెక్క గరిటెలు చేసే ఇంట్లో చెక్కించుకున్న ఆసరా మీద రైఫిల్ ఆనించి కాలుస్తుంటాను.

ఇనుప సైట్లతో 25 మీటర్లలో బాగానే తగిలేది. ఈ నెలలో 4-12 స్కోపు (గురిని 4 నుంచి 12 రెట్లు పెద్దగా చూపే దుర్బిణి), ఒక అంగుళం ట్యూబుది కొని బిగించాను. మొదటి పెల్లెట్ పలకకే తగల్లేదు, కింద మట్టిలో దిగింది. పై గుబ్బను (దెబ్బను పైకీ కిందికీ జరిపే ఎలివేషన్ గుబ్బ) పైకి తిప్పుతూ పోతే దెబ్బ కూడా పైకి వస్తూ వచ్చింది గానీ, గుబ్బ చివరికి చేరి ఆగిపోయినా ఇంకా గురికి కిందే ఉంది. అది కూడా ఒకసారి రెండు సెంటీమీటర్లు, మరోసారి ఐదు సెంటీమీటర్లు. చివర్లో పదిహేను క్లిక్కుల వరకు వేలికి వినిపించాయే తప్ప కాగితం మీద కనిపించలేదు. నా కోరిక 50 మీటర్లు. 25కే ఇలా అయితే స్కోపు చెడిపోయిందనుకోవాలా, లేక నేనే తప్పుగా బిగించానా?

ఒంగోలు గిత్త | శనివారం రాత్రి 9.40

అన్నా, అంగుళం ట్యూబుతో దూరం కొట్టాలనుకోవడమే పొరపాటు. 34 మిల్లీమీటర్ల ట్యూబు స్కోపు తీసుకో, అందులో వందకు పైగా ఎం.ఓ.ఏ. (గుబ్బ కదలికను చెప్పే కోణపు కొలత) ఉంటుంది, ఇక గుబ్బ ఆగే ప్రశ్నే రాదు. అంత డబ్బు లేదంటావా, బారెల్‌ను తెరిచి మోకాలి మీద పెట్టి కాస్త పైకి వంచు. ఇంటర్నెట్టులో చాలామంది అలాగే చేస్తున్నారు.

గిద్దలూరు ఫౌజీ | శనివారం రాత్రి 10.05

గిత్త తమ్ముడూ, నేను సైన్యంలో ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌గా ఇరవై రెండేళ్లు పనిచేశాను. వంగిన బారెల్‌ను సరిచేయడం గేజీలు, ఆనవాళ్లు, అనుభవం ఉన్నవాడు చేసే పని. మోకాలి మీద జరిగేది కాదు. మడిచే రైఫిల్‌లో పిన్ను, లాకు, సీలు మూడూ అక్కడే ఉంటాయి. బారెల్ వంగకుండా ముందు పిన్నే వదులైతే ఆయన సమస్య రెట్టింపు అవుతుంది. దయచేసి ఆ సలహా ఎవరూ పాటించవద్దు.

దుర్గం గారూ, స్కోపు చెడిందని తొందరపడకండి. ఈ రకం రైఫిళ్లలో చాలావాటికి బారెల్ మూతి, పైన స్కోపు పట్టే గాడితో పోలిస్తే కాస్త కిందికి వాలి ఉంటుంది. ఇనుప సైటు బారెల్ మీదే ఉంటుంది కాబట్టి ఆ వాలు దానికి కనబడదు. స్కోపు బారెల్ వెనకుండే రిసీవర్ మీద కూర్చుంటుంది కాబట్టి మొత్తం బయటపడుతుంది.

చీమకుర్తి సర్వేయర్ | ఆదివారం ఉదయం 7.20

ఫౌజీ గారు కారణం చెప్పారు, నేను లెక్క అడుగుతాను. గ్రానైటు క్వారీలో కొలతల పని నాది. కోణం విషయంలో ఊహలకు తావివ్వకూడదని అక్కడే నేర్చుకున్నాను. దుర్గం గారూ, మూడు సంఖ్యలు కావాలి.

గుబ్బను పూర్తిగా కిందికి తిప్పి, అక్కడి నుంచి పూర్తిగా పైకి వచ్చేదాకా క్లిక్కులు ఎన్నో లెక్కపెట్టండి. బలవంతం చేయవద్దు, ఆగిన చోట ఆపండి. ఆ మొత్తంలో సగానికి తెచ్చి, ఆ స్థితిలో 25 మీటర్ల నుంచి ఐదు పెల్లెట్లు కాల్చి, గురిపెట్టిన చోటుకు ఎంత కింద పడ్డాయో కొలవండి. చివరగా, స్కోపును పట్టి ఉంచే ముందు రింగు నడిమి నుంచి వెనక రింగు నడిమికి ఎన్ని మిల్లీమీటర్లు?

సగం సరిగ్గా కుదిరిందా అన్నది చూడటానికి బీరువా అద్దం చాలు. స్కోపును విప్పి, జూమ్ తగ్గించి, ముందు కటకాన్ని అద్దానికి చదునుగా ఆనించి చూస్తే లోపలి ప్లస్ గుర్తుతో పాటు దాని ప్రతిబింబం మసకగా కనిపిస్తుంది. రెండూ ఒకదానిమీద ఒకటి కూర్చుంటే స్కోపు మధ్యలో ఉన్నట్టు.

చెరువు గట్టు | ఆదివారం ఉదయం 8.00

[ఈ పోస్టును నిర్వాహకుడు తొలగించారు.]

నిర్వాహకుడు | ఆదివారం ఉదయం 8.25

కొంగలను కాల్చడం గురించి అడిగిన సభ్యునికి: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎయిర్ రైఫిలుకు మినహాయింపు ఇవ్వలేదు. ఇక్కడ కాగితం, పలక, డబ్బా తప్ప మరో గురి గురించి చర్చించరాదు. మిగిలినవారు విషయంలోనే కొనసాగండి.

ఉదయగిరి దుర్గం | ఆదివారం సాయంత్రం 6.50

సర్వేయర్ గారూ, చెప్పినట్టే చేశాను. క్లిక్కులు 216. రెండుసార్లు లెక్కపెట్టాను, రెండోసారి మా అబ్బాయి పక్కన కూర్చుని పలకమీద గీతలు గీశాడు. అద్దం ముందు పెడితే ప్లస్ గుర్తూ దాని నీడా 108వ క్లిక్కుకు రెండు మూడు క్లిక్కుల దగ్గర్లోనే కలిశాయి. ఆ స్థితిలో 25 మీటర్ల నుంచి పెల్లెట్లు సగటున 22 సెంటీమీటర్లు కింద పడ్డాయి. రింగుల మధ్య 90 మిల్లీమీటర్లు. స్కోపు నడిమి నుంచి బారెల్ నడిమికి సుమారు 4 సెంటీమీటర్లు.

ఒక్క సందేహం. డబ్బా మీద 60 ఎం.ఓ.ఏ. అని ఉంది, ఒక క్లిక్కు పావు ఎం.ఓ.ఏ. అని కూడా ఉంది. 216ను నాలుగుతో భాగిస్తే 54 మాత్రమే వస్తోంది. అమ్మిన దుకాణంలో అడిగితే, "అదంతా ఎవరు లెక్కపెడతారు సార్" అని నవ్వారు.

చీమకుర్తి సర్వేయర్ | ఆదివారం రాత్రి 8.30

లెక్కపెట్టారు కాబట్టే ఇప్పుడు మాట్లాడుకోవడానికి వీలైంది. కొత్తగా చదివేవారి కోసం మొదటి నుంచి చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి.

ఎం.ఓ.ఏ. అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, మన నిమిషం. 100 మీటర్ల దగ్గర ఒక నిమిషం 2.9 సెంటీమీటర్లు, 100 గజాల దగ్గర ఒక అంగుళానికి వెంట్రుకవాసి ఎక్కువ. కాబట్టి 25 మీటర్ల దగ్గర అది 7.3 మిల్లీమీటర్లు మాత్రమే. మీ స్కోపులో ఒక క్లిక్కు పావు నిమిషం, అంటే 15 సెకన్లు. మేము చదువుకునే రోజుల్లో వాడిన వెర్నియర్ థియోడలైటు 20 సెకన్ల వరకే చూపేది. అంత సున్నితమైన కదలికను ఆ చిన్న ట్యూబులో ఒక మరచుట్టుతో సాధిస్తున్నారంటే, అది చివరి చుట్టులో కూడా అంతే నికరంగా ఉండాలని ఆశించడం కొంచెం ఎక్కువే.

ఇప్పుడు మీ 22 సెంటీమీటర్లు. 220ను 7.3తో భాగిస్తే 30 నిమిషాలు. మీ స్కోపులో మొత్తం 54, మధ్య నుంచి పైకి ఉన్నది 27. కావలసింది 30, ఉన్నది 27. మూడు నిమిషాలు తక్కువ, అంటే 25 మీటర్ల దగ్గర రెండు సెంటీమీటర్లకు కొద్దిగా ఎక్కువ. మీరు మొదట చెప్పిన "రెండు సెంటీమీటర్లు కింద" అదే. మరి ఐదు ఎక్కడిది? స్కోపు లోపల కటకాలున్న చిన్న గొట్టం ఒకటి ఉంటుంది. దాన్ని పై నుంచి గుబ్బ మర నొక్కుతుంది, కింద నుంచి ఒక స్ప్రింగు ఎదురు తోస్తుంది. దెబ్బ పైకి రావాలని మీరు గుబ్బను తిప్పేకొద్దీ మర పైకి లేస్తుంది, స్ప్రింగు సాగుతుంది. చిట్టచివర అది పూర్తిగా సాగి బలం కోల్పోతుంది, లోపలి గొట్టం మరను అంటిపెట్టుకోక ప్రతి కుదుపుకూ తన ఇష్టం వచ్చిన చోట కూర్చుంటుంది. కదలని ఆ పదిహేను క్లిక్కులు దాదాపు నాలుగు నిమిషాలు. అంటే మరో 2.7 సెంటీమీటర్లు. రెండూ కలిపితే మీ ఐదు.

కాబట్టి స్కోపు చెడిపోలేదు. దాన్ని మీరు నిలబడలేని చోట నిలబెట్టారు.

కావలి వలస | ఆదివారం రాత్రి 10.10

నేను పుట్టింది కావలి, ఉద్యోగం టెక్సాస్‌లో. ఇక్కడ .308 విన్‌చెస్టర్ రైఫిలుతో 1000 గజాల వరకు కాలుస్తుంటాను. సర్వేయర్ గారి లెక్క నాకు మూడేళ్ల కిందట దొరికి ఉంటే నా డబ్బు కొంత మిగిలేది. నా పొరపాటు దుర్గం గారి సమస్యకు సరిగ్గా అటు వైపుది కాబట్టి చెబుతున్నాను.

175 గ్రెయిన్ల బరువున్న తూటా సెకనుకు 2600 అడుగుల వేగంతో బయలుదేరితే, 100 గజాలకు జీరో చేసిన (ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా సరిచేసిన) రైఫిల్‌కు 1000 గజాల దగ్గర సుమారు 38 నిమిషాలు పైకి తిప్పాలి. నా స్కోపులో మొత్తం 50, మధ్య నుంచి పైకి 25. చాలదు. చాలకపోతే రైఫిల్ మీది రైలును (స్కోపు రింగులు కూర్చునే పట్టీని) ముందుకు వాలేలా చేసి అమ్ముతారు. మామూలుగా 20 నిమిషాల వాలు పెడతారు. నేను "20 కంటే 40 మేలు కదా" అనుకుని 40 నిమిషాల రైలు కొని బిగించాను. 100 గజాల రేంజిలో మొదటి గుండు గురికి మూడు అడుగుల పైన పడింది. గుబ్బను చివరిదాకా కిందికి తిప్పినా 11 అంగుళాలు పైనే. ఎందుకంటే వాలు వల్ల 40 పైకి వచ్చింది, 100 గజాలకు నాకు అవసరమైనవి నాలుగే, మిగతా 36 నిమిషాలు కిందికి దింపాలి, కానీ మధ్య నుంచి కిందికి ఉన్నది 25. ఆ రైఫిల్ జీరో అయ్యే అతి దగ్గర దూరం 500 గజాలకు కాస్త ఇవతల. మా రేంజిలో జీరో చేసే గట్టు 100 గజాల దగ్గరే ఉంది!

చివరికి 20 నిమిషాల రైలు, మొత్తం 65 నిమిషాలున్న 30 మిల్లీమీటర్ల స్కోపు తీసుకున్నాను. సగం 32, వాలు 20, జీరోకు పోయేవి 4. చేతిలో 48 మిగిలాయి.

ఒంగోలు గిత్త | ఆదివారం రాత్రి 10.25

అంటే పెద్ద ట్యూబు తీసుకోమని నేను చెప్పిందే కదా చివరికి చేశావు అన్నా?

కావలి వలస | ఆదివారం రాత్రి 10.40

సగం నిజం, ఒప్పుకుంటాను. ట్యూబు లావైతే లోపలి గొట్టం కదలడానికి చోటు పెరుగుతుంది. కానీ రైలు చదునుగా ఉంటే ఎంత లావు ట్యూబైనా సగం ప్రయాణం కిందికే వృథా, మనం ఎప్పుడూ భూమిలోకి కాల్చం కదా. వంద నిమిషాల స్కోపు కొని యాభై వాడుకోవడం కంటే, అరవై నిమిషాల స్కోపు కింద ఇరవై వాలు పెట్టి యాభై వాడుకోవడం చవక. అదీగాక ఆ లావు స్కోపులు బరువైనవి. దుర్గం గారి ఎయిర్ రైఫిల్ మీద పెడితే గాలిపటం మీద బండరాయి పెట్టినట్టుంటుంది.

గిద్దలూరు ఫౌజీ | సోమవారం ఉదయం 6.10

ఈ వాలు విద్య కొత్తదేమీ కాదు. ఇషాపూర్‌లో తయారైన 7.62 బోల్ట్ రైఫిల్ 2ఏ1ను నేను విప్పి బిగించాను. పాత .303 ఎన్‌ఫీల్డు వెనక సైటు ఆకు మీద 2000 గజాల వరకు గీతలుండేవి, దీనిలో వాటిని 800 మీటర్లకు కుదించారు. ఆ ఆకును పైకి లేపి చూడండి. దూరం పెరిగేకొద్దీ వెనక సైటు పైకి లేస్తుంది, ముందు పుల్ల ఉన్నచోటే ఉంటుంది. వెనక లేచిందంటే, రెంటినీ ఒకే గీతలో చూడటానికి మనిషి బారెల్‌నే పైకి ఎత్తక తప్పదు. స్కోపుకూ అదే సూత్రం: వెనక రింగు లేస్తే గుండు పైకి, ముందు రింగు లేస్తే గుండు కిందికి. ఈ ఒక్క మాట గుర్తుంచుకోనందువల్ల షిమ్ముని (ఎత్తు పెంచే పల్చని రేకును) ముందు రింగు కింద పెట్టి, సమస్య రెండింతలైందని నా దగ్గరకు వచ్చినవాళ్లు ఉన్నారు.

మరొక దారి కూడా ఉంది. డ్రగునోవ్ స్నైపర్ రైఫిల్ మీద ఉండే నాలుగింతల స్కోపు పీఎస్‌ఓ-1 గుబ్బ మీద 10 వరకే అంకెలు, అంటే 1000 మీటర్లు. దాని తరువాత గుబ్బను 10 దగ్గరే ఉంచి, అద్దంలో ప్రధాన గుర్తు కింద ఉన్న మూడు బాణపు మొనలను వాడాలి. అవి వరసగా 1100, 1200, 1300. గుబ్బ అయిపోయిన చోట గీత అందుకుంటుందన్నమాట. దుర్గం గారి స్కోపులో నిలువు గీత మీద చిన్న అడ్డగీతలు ఉంటే 50 మీటర్లకు వాటినే వాడుకోవచ్చు.

చీమకుర్తి సర్వేయర్ | సోమవారం ఉదయం 7.00

వాడుకోవచ్చు, కానీ ఒక షరతు. మనకు దొరికే చాలా 4-12 స్కోపుల్లో గుర్తు రెండో ఫోకల్ తలంలో ఉంటుంది, అంటే జూమ్ మార్చినా గుర్తు సైజు మారదు. వాటిలో అడ్డగీతల విలువ ఒక జూమ్ దగ్గరే సరిపోతుంది, సాధారణంగా అన్నిటికంటే పెద్దదాని దగ్గర. 12 దగ్గర రెండు నిమిషాలు చూపే గీత 6 దగ్గర నాలుగు చూపుతుంది. జూమ్ తిప్పి మరిచిపోతే గీతను నమ్మినవాడు మునుగుతాడు.

ఇక దుర్గం గారి వాలు ఎంత ఉండాలో తేలుద్దాం. పెల్లెట్ వేగం 250 మీటర్లని డబ్బా మీద ఉందని ఫోటోలో చూశాను. ఆ వేగంతో 25 మీటర్లకు జీరో చేస్తే, 50 దగ్గర సుమారు 11 సెంటీమీటర్లు కిందికి పడాలి. ఏడున్నర నిమిషాలు, 30 క్లిక్కులు. ముందరి 30 నిమిషాలకు ఇవి కలిపితే మధ్య నుంచి ముప్పై ఏడున్నర. ఉన్నది 27. నా సలహా, లోటు పది నిమిషాలే కదా అని పదే పెట్టవద్దు, 30 పెట్టండి. అప్పుడు 25 మీటర్ల జీరో స్కోపుకు నడిమధ్యన పడుతుంది, 50 అక్కడి నుంచి కొద్ది దూరంలోనే ఉంటుంది, స్ప్రింగు ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది. పైగా లోపలి గొట్టం గుండ్రని ట్యూబులో కదులుతుంది కాబట్టి, అది పై అంచుకు చేరితే పక్కలకు కదిలే చోటు కూడా తగ్గిపోతుంది. మధ్యలో ఉంటే గాలికి సరిచేసుకునే విండేజ్ పూర్తిగా దక్కుతుంది.

30 నిమిషాలంటే సరిగ్గా అర డిగ్రీ. 90 మిల్లీమీటర్ల దూరంలో అది 0.79 మిల్లీమీటర్లు.

పెన్నా ఇసుక | సోమవారం మధ్యాహ్నం 1.15

నెల్లూరు ఆటోనగర్‌లో నాకు చిన్న మిల్లింగు పని ఉంది. 0.79 అంటే సందు కొలిచే ఫీలర్ గేజీలో 0.50, 0.30 ఆకులు రెండు పెడితే అయిపోతుంది అనుకునేవారికి ఒక హెచ్చరిక. ట్యూబుకూ వెనక రింగుకూ మధ్య ముప్పావు మిల్లీమీటరు రేకు పెట్టి మరలు బిగిస్తే, ముందు రింగు ఇంకా చదునుగానే ఉంటుంది, వెనకది ట్యూబును పైకి తోస్తుంది. ట్యూబు రెండు చోట్లా అంచుల మీద నలుగుతుంది. పోయిన ఏడాది ఒకాయన అలా చేసిన స్కోపును నాకు చూపించారు. రింగు అంచు పడిన చోట నల్లరంగు చెక్కుకుపోయి వేలికి పల్లం తగులుతోంది, గుబ్బ మధ్యలో బిగుసుకుపోయింది. కూల్‌డ్రింక్ డబ్బా రేకు ఒకటి, అర పదో వంతు మిల్లీమీటరు మందంలో, అంటే నాలుగైదు నిమిషాలకైతే పరవాలేదు. అంతకు మించితే రెండు రింగులూ ఒకే వాలులో ఉండాలి.

లోపల గుండ్రని ప్లాస్టిక్ దిమ్మలు తిరిగే రింగులు బర్రిస్ వారివి ఉన్నాయి, అవి ట్యూబును నలపకుండా వాలు ఇస్తాయి. అవి దొరక్కపోతే ఒక్కటే దారి: కింద 11 మిల్లీమీటర్ల గాడిని పట్టే దవడలు, పైన అర డిగ్రీ వాలుతో అదే గాడి ఉన్న ఒక దిమ్మ. దుర్గం గారూ, మీరు నెల్లూరు వస్తే రైఫిల్ తేనక్కరలేదు, గాడి కొలత, రింగులు తెస్తే చాలు.

కావలి వలస | సోమవారం రాత్రి 9.50

ఇసుక గారూ, ఒక సవరణ. డబ్బా రేకు మందం పదో వంతు మిల్లీమీటరు ఉంటుంది, అందులో అర కాదు. నాలుగు నిమిషాల లెక్క మాత్రం దానికే సరిపోతుంది.

పెన్నా ఇసుక | సోమవారం రాత్రి 10.20

నిజమే, చేతితో రాసేది తప్పినా మైక్రోమీటరు తప్పదు. 0.1 అని చదువుకోగలరు.

అమ్మాయి తల్లి | మంగళవారం ఉదయం 10.30

మాది ఒంగోలు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. ఇదంతా చదివాక, తనకూ స్కోపు, వాలు రైలు కొనాలేమో అని అనుమానం వచ్చింది. తెలిసినవారు చెప్పగలరా?

గిద్దలూరు ఫౌజీ | మంగళవారం ఉదయం 11.05

అవసరం లేదమ్మా. ఆ పోటీలో టెలిస్కోపు నిషిద్ధం. వెనక చిన్న రంధ్రం, ముందు వలయం ఉన్న సైటుతోనే, అర మిల్లీమీటరు చుక్కను 10 మీటర్ల నుంచి కొట్టాలి. 2012 లండన్‌లో మన గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఆ సైటుతోనే. ఆ డబ్బు అమ్మాయి షూటింగ్ జాకెట్టుకూ పెల్లెట్లకూ ఉంచండి.

ఉదయగిరి దుర్గం | పన్నెండు రోజుల తరువాత, ఆదివారం రాత్రి 8.00

ఆలస్యానికి క్షమించండి, వరి కోతలు పడ్డాయి. మధ్యలో ఒక రోజు నెల్లూరు వెళ్లి ఇసుక గారి దగ్గర దిమ్మ చేయించుకున్నాను. ఆయన 100 మిల్లీమీటర్ల సైన్ బార్ (కచ్చితమైన వాలు పెట్టే కడ్డీ) ఒక కొన కింద 0.87 మిల్లీమీటర్ల స్లిప్పు గేజీలు (కొలిచిన మందం ఉన్న ఉక్కు పలకలు) పేర్చి, దాని మీద దిమ్మను పట్టించి పై గాడి కోశారు. కంటికి చూస్తే చదునుగానే ఉంది. కొత్త బ్లేడు అంచును దాని పక్కన పెట్టి చూపించేదాకా వాలు ఉందని నేను నమ్మలేదు. వెనక చివర ఒక ఆపుడు పిన్ను కూడా పెట్టారు, స్ప్రింగు రైఫిల్ కుదుపుకు స్కోపు జారకుండా.

ఇంటికి వచ్చి స్కోపును అద్దం ముందు మళ్లీ మధ్యకు తెచ్చి, బిగించాను. మేస్త్రీ తూకం గుండును వేపచెట్టుకు వేలాడదీసి, నిలువు గీత దారంతో కలిసేలా చూసి, మరలను రెండు న్యూటన్ మీటర్ల లోపే బిగించాను. 25 మీటర్ల నుంచి మొదటి ఐదు పెల్లెట్లు గురికి సెంటీమీటరుకు కాస్త ఎక్కువ కింద పడ్డాయి, అదీ ఒక రూపాయి బిళ్ల అంత చోటులో. ఏడు క్లిక్కులు పైకి తిప్పితే నడిమికి వచ్చింది. ఇప్పుడు ఏ క్లిక్కు తిప్పితే ఆ క్లిక్కు కాగితం మీద కనబడుతోంది.

50 మీటర్లకు 30 క్లిక్కులన్నారు కదా, నాకు 34 పట్టాయి. ఇది ఎందుకో?

చీమకుర్తి సర్వేయర్ | ఆదివారం రాత్రి 8.45

సంతోషం. మొదట మిగిలిపోయిన సెంటీమీటరు, దిమ్మ వల్ల స్కోపు అంత ఎత్తు పెరిగినందుకు. నాలుగు క్లిక్కుల తేడాకు రెండు కారణాలు ఉండవచ్చు. డబ్బా మీది వేగం తేలిక పెల్లెట్‌తో రాసేది, మీరు వాడేది బరువు సీసపుది. నిజమైన వేగం 230 దగ్గర ఉండి ఉంటుంది. రెండోది మీ క్లిక్కే పావు నిమిషం కంటే చిన్నది కావచ్చు. 60 అన్నది 54 అయిన స్కోపును నేను నమ్మను. కాల్చకుండానే తేల్చుకోవచ్చు. రైఫిల్‌ను ఆసరాలో కదలకుండా బిగించి, సరిగ్గా 50 మీటర్ల దూరంలో గోడకు కొలత టేపు నిలువుగా వేలాడదీయండి. గుర్తును టేపు మీద ఒక అంకె దగ్గర పెట్టి, 80 క్లిక్కులు పైకి తిప్పండి. రైఫిల్ కదలదు కాబట్టి గుర్తు టేపు మీద కిందికి జారుతుంది. 20 నిమిషాలకు 29.1 సెంటీమీటర్లు జారాలి. తిరిగి వచ్చేటప్పుడు మొదటి అంకె దగ్గరకే వస్తుందా అన్నది కూడా చూడండి.

కావలి వలస | ఆదివారం రాత్రి 9.30

ఆ తూకం గుండు పని చిన్నదనుకోకండి. 1000 గజాలకు 38 నిమిషాలు తిప్పిన స్కోపు మూడు డిగ్రీలు పక్కకు ఒరిగి ఉంటే, గుండు రెండు నిమిషాలు, అంటే అర మీటరు పైగా పక్కకు పోతుంది. నేను దాన్ని చాలాకాలం గాలి అనుకున్నాను.

గిద్దలూరు ఫౌజీ | సోమవారం ఉదయం 6.00

దుర్గం గారూ, ఇప్పుడు రాసుకున్న క్లిక్కులు ఈ చలికాలానివి. మేలో మన దగ్గర 45 డిగ్రీలు వచ్చినప్పుడు గాలి, 15 డిగ్రీల రోజుతో పోలిస్తే పదో వంతుకు కొద్దిగా తక్కువగా పలచబడుతుంది. స్ప్రింగు, గ్రీజు కూడా వేడికి వేరుగా నడుచుకుంటాయి. 50 మీటర్లలో తేడా ఒకటి రెండు క్లిక్కులే కావచ్చు గానీ, ఎండాకాలంలో మళ్లీ ఒకసారి కాగితం మీద చూసుకోండి.

ఉదయగిరి దుర్గం | మంగళవారం సాయంత్రం 7.10

టేపు పెట్టి చూశాను. 80 క్లిక్కులకు 28 సెంటీమీటర్లే జారింది. వెనక్కి తిప్పితే మొదటి అంకెకే వచ్చింది, మూడుసార్లూ. అంటే నా క్లిక్కు పావు నిమిషంలో నూటికి 96 వంతులు. 34 క్లిక్కులు నిజానికి 33 క్లిక్కుల పని చేస్తున్నాయి, మిగిలిన మూడు పెల్లెట్ వేగానివి అనుకుంటున్నాను. గుబ్బ మీద తెల్లకాగితం చుట్టి 25, 35, 50 దగ్గర గీతలు గీసి, పైన పారదర్శక టేపు అంటించాను. 35 మీటర్ల గీతను మాత్రం పెన్సిలుతోనే ఉంచాను, నిన్న గాలి ఎక్కువగా ఉండి అది తేలలేదు.